ఇంట్లో గూడ్సు బండికి పని పెట్టడం ఎలా?

మోడల్ రైల్వే వేసినవాళ్లలో చాలామంది బండిని గుండ్రంగా తిప్పుతూ కూర్చుంటారు. నెల తిరగకుండానే పట్టాల మీద దుమ్ము పేరుకుంటుంది. ఆ బండికి పనంటూ లేకపోవడమే కారణం. ఏం సరుకు, ఎక్కణ్నుంచి ఎక్కడికి, దారిలో ఏ బండికి తోవ ఇవ్వాలి... ఇవి రాసిపెట్టుకుంటే ఒక చెక్కబల్ల మీదే సాయంత్రమంతా రైల్వే నడుస్తుంది.

మాది కాజీపేట, నాన్న గూడ్సు గార్డు. అందుకే నా లేఅవుట్ కాజీపేట–బల్లార్షా లైను మీదే ఉంటుంది. పెద్దపల్లికీ జమ్మికుంటకీ మధ్య లేని స్టేషనొకటి కల్పించుకున్నాను. చోటు చాలక ఒకటే మెయిన్ లైను, ఒక లూపు (మెయిన్ లైను నుంచి చీలి మళ్లీ దాన్లోనే కలిసే పక్క పట్టా), గూడ్స్ షెడ్డుకి ఒక సైడింగు (షెడ్డు దగ్గరే ఆగిపోయే పట్టా) వేశాను. రెండు చివరలా పట్టాలు అట్టగోడ వెనక్కి పోతాయి. ఉత్తరం వైపు మరుగున ఉన్నది రామగుండం, దక్షిణం వైపుది కాజీపేట.

ముందు లూపు కొలవండి. హెచ్‌ఓ స్కేలంటే 1:87, అసలు బండిలో 87వ వంతు. బొగ్గు మోసే అసలు బాక్స్‌ఎన్ వ్యాగన్ 10.713 మీటర్లు, బల్ల మీద అది 12.3 సెంటీమీటర్లు. 58 వ్యాగన్ల పూర్తి రేక్ (ఒకే బండిగా తగిలించిన వ్యాగన్ల వరస) పెడితే ఏడు మీటర్లు దాటుతుంది, ఏ ఇంట్లోనూ పట్టదు. నేను పది వ్యాగన్లతో సరిపెట్టుకున్నాను. ఇంజను, చివర గార్డు ఉండే బ్రేక్‌వ్యాన్‌తో సహా రేక్ మొత్తం లూపులో ఇమడాలి. తోక మెయిన్ లైను మీద మిగిలిపోతే ఎక్స్‌ప్రెస్ ఎలా పోతుంది?

తర్వాత వేగం. గంటకు 60 కిలోమీటర్లంటే ఈ స్కేలులో మీటరు దూరానికి ఐదు సెకన్లు పైన పడుతుంది. లూపు పాయింట్ల (పట్టాలు చీలే చోటు) మీద 15 కిలోమీటర్లయితే అదే మీటరుకు 21 సెకన్లు. ఇప్పుడు చాలాచోట్ల 30కి పెంచారు గానీ నాకు పాత నడకే ఇష్టం. పట్టా పక్కన మీటరు ఎడంగా రెండు గీతలు గీసి, ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టి చూడండి. మనం ఎంత దూకుడుగా నడుపుతున్నామో అప్పుడు తెలుస్తుంది. డీసీసీ (పట్టాల ద్వారా ఇంజనుకి డిజిటల్ ఆదేశాలు పంపే ఏర్పాటు) ఉంటే సీవీ 3, సీవీ 4 (వేగం ఎంత మెల్లగా పెరగాలో, తగ్గాలో చెప్పే సెట్టింగులు) విలువలు పెంచండి, బండి బరువుగా కదిలి బరువుగా ఆగుతుంది. వ్యాగన్లు కూడా తలా 90 గ్రాములు తూగేలా చూసుకోండి. తేలిక వ్యాగన్ మధ్యలో ఉంటే వెనక్కి నెట్టేటప్పుడు పట్టా తప్పుతుంది.

బాక్స్‌ఎన్ పైకప్పు లేని వ్యాగన్ కాబట్టి లోడుంటే కనబడాలి, ఖాళీ అయితే అడుగు కనబడాలి. థర్మోకోల్‌ని వ్యాగన్ లోపలి కొలతకు ఒక వెంట్రుకవాసి తక్కువగా కోసి, పైభాగం గుట్టలుగా చెక్కండి. నీళ్లలో కలిపే నల్లరంగే వేయండి, స్ప్రే రంగు థర్మోకోల్‌ని తినేస్తుంది. అసలు బొగ్గునే రోట్లో నలగ్గొట్టి, టీ వడకట్టే జల్లెడలో జల్లించి, సగానికి సగం నీళ్లు కలిపిన ఫెవికాల్ మీద చల్లండి. పైపొర కింద ఇనుప వాషరొకటి దాచితే, అయస్కాంతం ఆనించగానే లోడు మొత్తం పైకి లేచి వస్తుంది. బీసీఎన్‌లకు ఈ శ్రమ లేదు, మూసిన పెట్టెలు.

ఇక కాగితం. వ్యాగన్‌కొక కార్డు పెట్టే పద్ధతిని అమెరికాలో 1961లో డగ్ స్మిత్ ప్రచారంలోకి తెచ్చాడు. అక్కడ ఒకే బండిలో పది ఫ్యాక్టరీల వ్యాగన్లుంటాయి కాబట్టి అది వాళ్లకు సరిపోతుంది. మన దగ్గర రేక్ మొత్తం ఒకే సరుకు, ఒకే గమ్యం. అందుకే రేక్‌కొక కార్డు చాలు. నా బీసీఎన్ రేక్ కార్డు మీద వరసగా ఇలా ఉంటుంది: రామగుండం నుంచి యూరియా, మన షెడ్డులో దింపాలి, ఖాళీ రేక్ తిరిగి రామగుండానికి. తర్వాతి విడతలో అదే రేక్ ఖాళీగా వచ్చి, బియ్యం ఎత్తుకుని దక్షిణానికి పోతుంది. బాక్స్‌ఎన్ రేక్‌కి బెల్లంపల్లి బొగ్గు, ముద్దనూరు దగ్గరి థర్మల్ స్టేషనుకి. అది మన దగ్గర లోడు దించదు, లూపులో ఆగి ఎక్స్‌ప్రెస్‌కి దారిచ్చి పోతుంది. గడియారం ఆరింతల వేగంతో పెట్టుకోండి, మన పది నిమిషాలు అక్కడ గంట. హమాలీలు యూరియా దింపుతున్నంతసేపూ మిగతా బండ్లు పోతూ ఉంటాయి. గడువు దాటితే కార్డు మీద డెమరేజి (ఆలస్యపు రుసుము) రాయండి.

అసలు రుచంతా ఖాళీ రేక్‌ని తిప్పి పంపడంలో ఉంది. ఉత్తరం నుంచి వచ్చిన బండికి ఇంజను దక్షిణం కొసన, బ్రేక్‌వ్యాన్ ఉత్తరం కొసన ఉంటాయి. తిరిగి పోవాలంటే రెండూ తారుమారు కావాలి. షెడ్డు నుంచి లూపులోకి తెచ్చాక ఇంజను విప్పి, మెయిన్ లైను మీదుగా ఉత్తరం కొసకు తీసుకెళ్లండి. బ్రేక్‌వ్యాన్‌ని అందుకుని, బయటికి లాగి, మెయిన్ లైను మీదికి నెట్టి, అక్కడ వదిలేయండి. ఇంజను లూపులోకి వచ్చి రేక్‌ని పట్టుకుని పాయింట్లు దాటేదాకా ఉత్తరానికి లాగాలి. అక్కణ్నుంచి మెయిన్ లైను మీదికి మెల్లగా వెనక్కి నెడితే ఆఖరి వ్యాగన్ బ్రేక్‌వ్యాన్‌కి తగులుకుంటుంది. ఇదంతా అయ్యేదాకా మెయిన్ లైను మూసుకుపోయినట్టే, అందుకే కంట్రోలరు (లైను మీద బండ్ల రాకపోకలు చూసే మనిషి) ఖాళీ చూసి ఒప్పుకుంటేనే మొదలుపెట్టాలి. కప్లింగు పడగానే బయల్దేరకండి. బ్రేక్ పైపులో 5 కేజీల ప్రెషరు ఎక్కాలి, గార్డు సరిచూసుకోవాలి. రెండు నిమిషాలు ఊరికే ఆగండి.

బ్రేక్‌వ్యాన్ వెనక గోరంత ఎల్‌వి బోర్డు తగిలించడం మరవొద్దు. ఎల్‌వి అంటే చివరి పెట్టె. ఆ బోర్డు కంటబడితేనే బండి పూర్తిగా వచ్చినట్టు. అట్టగోడ వెనక వ్యాగన్ తెగిపోయినా స్టేషన్ మాస్టరు దానివల్లే పట్టుకుంటాడు.

మా ఇంట్లో ఆ స్టేషన్ మాస్టరు మా మేనల్లుడు. వాడు లైన్ క్లియర్ (ముందు లైను ఖాళీ, బండి రావచ్చన్న అనుమతి) ఇస్తేనే నేను రెగ్యులేటరు ముట్టుకుంటాను. మీరూ ఇద్దరు కూర్చోండి, ఒకరు పాయింట్లకీ రిజిస్టరుకీ, ఒకరు ఇంజనుకి. మొదటి వారం ఒక రేక్, ఒక ప్యాసింజరు చాలు. అవి చేతికి అలవాటయ్యాక బొగ్గు రేక్ కలపండి.