పోస్టరు అడుగు వరస నుంచి: కెనడా చిన్న బ్యాండ్లను వెతికే దారి

ఒడిశాలోని మా పర్లాకిమిడిలో మెలోడీ ప్రోగ్రాం పెడితే ముందు గోడల మీద పోస్టర్లు పడతాయి. పైన పెద్ద గాయకుడి ఫోటో ఉంటుంది. అడుగున చిన్న అక్షరాల్లో డోలకు వాయించేవాళ్లు, కోరస్ పాడేవాళ్ల పేర్లు ఉంటాయి. నేను ముందు ఆ అడుగు వరసే చదువుతాను. ఆ పేర్లలో ఒకరిద్దరు నా మొబైల్ రిపేరు కొట్టుకు వచ్చేవాళ్లే. కెనడా పాటల మీద ఇష్టం పుట్టాక అక్కడి బ్యాండ్లను కూడా ఈ అలవాటుతోనే వెతుక్కున్నాను.

పాటల యాప్‌లో 'కెనడా ఇండీ' (పెద్ద కంపెనీల అండ లేని బ్యాండ్లు) అని కొడితే అందరికీ తెలిసిన పది పేర్లే తిరిగి తిరిగి వస్తాయి. దేశం పేరుతో కాకుండా ఊరి పేరుతో వెతకండి. ఊరు దొరకాలంటే ముందు ఒక చిన్న పండగ దొరకాలి. అక్కడ వేసవి పొట్టిది కాబట్టి ఈ మ్యూజిక్ ఫెస్టివల్స్ ఎక్కువగా జూన్, జులై, ఆగస్టు నెలల్లోనే జరుగుతాయి. పాడేవాళ్ల జాబితా చాలావాటికి వేసవికి ముందే బయటికి వస్తుంది. అందుకే మన దగ్గర మామిడికాయలు దిగే రోజుల్లోనే నేను వెతకడం మొదలుపెడతాను.

నేను పట్టుకున్న మొదటి పండగ శాపీఫెస్ట్. న్యూ బ్రన్స్‌విక్ రాష్ట్రంలోని శాక్‌విల్ అనే ఊళ్లో 2006 నుంచి జరుగుతోంది. ఆ ఊరి జనాభా సుమారు 6,000. మా పర్లాకిమిడి 2011 లెక్కల్లోనే 46 వేలు దాటింది. అంత చిన్న చోటికి 2011లో ఆర్కేడ్ ఫైర్ వచ్చింది. అప్పటికి ఆ బ్యాండ్ పేరు ప్రపంచమంతా తెలుసు. అయినా 'షార్క్ ఎటాక్' అని వేరే పేరు పెట్టుకుని వచ్చి వాయించింది. ఈ సంగతి చదివిన రోజే ఆ ఊరి మీద నాకు గట్టి నమ్మకం కుదిరింది.

ఇక అక్కడి నుంచి తీగ లాగాలి. శాపీఫెస్ట్ మొదలుపెట్టినవాళ్లలో జూలీ డొయిరాన్ అనే గాయని ఒకరు. ఆవిడ పక్కనే ఉన్న మాంక్టన్ ఊరి ఎరిక్స్ ట్రిప్ బ్యాండ్ మనిషి. ఆ బ్యాండ్ ఇంట్లోనే రికార్డు చేసుకున్న పాటల్లో టేపు గరగర కూడా వినిపిస్తుంది, నాకు అదే ఇష్టం. తర్వాత ఆవిడ ఒట్టావా బ్యాండ్ వుడెన్ స్టార్స్‌తో కలిసి 1999లో ఒక ఆల్బమ్ చేశారు. దానికి 2000లో కెనడా సంగీతానికి ఇచ్చే జూనో అవార్డు వచ్చింది. ఒక్క పేరు పట్టుకుంటే మూడు ఊళ్లు దొరికాయి కదా. మీరూ ప్రతి పేరు దగ్గరా మూడు ప్రశ్నలు వేసుకోండి: ఈ మనిషి అంతకుముందు ఎవరితో వాయించాడు? ఎక్కడ రికార్డు చేశాడు? ఏ లేబుల్, అంటే పాటలు విడుదల చేసే కంపెనీ, వేసింది? మాంట్రియల్‌లో కాన్‌స్టెలేషన్, వాంకూవర్‌లో మింట్ లాంటి చిన్న లేబుల్స్ ఉన్నాయి. వాటిలో ఒక బ్యాండ్ నచ్చితే అదే లేబుల్‌లో మిగతావాళ్లను కూడా వినండి.

మరికొన్ని పండగలు చెబుతాను. యూకాన్‌లోని డాసన్ సిటీలో 1979 నుంచి, గ్వెల్ఫ్ ఊళ్లో హిల్‌సైడ్ పేరుతో 1984 నుంచి జులైలో జరుగుతున్నాయి. కాల్గరీలో స్లెడ్ ఐలాండ్ జూన్‌లో. కెబెక్‌లోని రువాన్-నొరాండా గనుల ఊరు, అక్కడ వేసవి చివర్లో కొత్త బ్యాండ్ల కోసమే ఒక పండగ పెడతారు. అక్కడ ఫ్రెంచ్ పాటలు ఎక్కువ. మాట అర్థం కాకపోయినా వినండి, ఒడియా పాటలు వింటూ పెరిగిన మనకు అది కష్టం కాదు.

రేడియో కూడా వదలొద్దు. 1971 నుంచి అక్కడి స్టేషన్లు ఇంత శాతం స్వదేశీ పాటలు వేసి తీరాలని నియమం ఉంది. ఇంగ్లిష్ వాణిజ్య స్టేషన్లకు అది తర్వాత 35 శాతానికి పెరిగింది. చిన్న బ్యాండ్లకు మాత్రం అసలు అండ యూనివర్సిటీ స్టేషన్లే. కాల్గరీ సీజేఎస్‌డబ్ల్యూ, వాంకూవర్ సీఐటీఆర్ రెండూ నెట్‌లో ఉచితంగా వినొచ్చు. వేసవిలో కాల్గరీ మనకంటే పదకొండున్నర గంటలు వెనక. వాళ్లకు సాయంత్రం ఏడంటే మనకు మర్నాడు పొద్దున్న ఆరున్నర. నేను కొట్టు తుడిచి నీళ్లు చల్లే వేళ అదే. నచ్చిన పాట రాగానే పేరు కాగితం మీద రాసుకోండి, తర్వాత గుర్తుండదు.

కెనడా ఆల్బమ్‌లకు ఇచ్చే పొలారిస్ ప్రైజ్ జాబితా కూడా చూడండి. 2006లో మొదలైన ఈ బహుమతికి అమ్మకాలు, లేబుల్ చూడరు, ఆల్బమ్ బాగుందా అన్నదే లెక్క. ఏటా ముందు 40 ఆల్బమ్‌లు, వాటిలోంచి 10 తీస్తారు. ఆ మిగిలిన 30లోనే నాకు మంచివి దొరికాయి. గెలిచినవాళ్లలో నేను తప్పకుండా వినమనేది అక్కడి ఆదివాసీ గాయకుడు జెరెమీ డచర్‌ను, 2018లో, మళ్లీ 2024లో గెలిచాడు. తన తెగవాళ్లు వందేళ్ల కిందట మైనపు సిలిండర్ల మీద పాడిన పాటలు మ్యూజియంలో విని, ఆ గొంతులతో కలిసి తన వొలాస్టొక్వే భాషలో పాడాడు. కొట్లో అది పెట్టినప్పుడు గుమ్మా వైపు నుంచి డిస్‌ప్లే మార్పించుకోవడానికి వచ్చిన సవర కుర్రాడు, "అన్నా, ఇది ఏ భాష?" అన్నాడు. చెప్పాను. గిడుగు రామమూర్తి పంతులుగారు సవర భాష నేర్చుకుని దానికి వ్యాకరణం రాసింది ఈ ఊళ్లో ఉన్నప్పుడే అని కూడా చెప్పాను. డిస్‌ప్లే అయిపోయాక కూడా ఆ పాట పూర్తయ్యేదాకా అక్కడే కూర్చున్నాడు.

నచ్చితే కొనండి. బ్యాండ్లు తమ పాటలు తామే అమ్ముకునే బ్యాండ్‌క్యాంప్ సైటులో ఊరి పేరు కొట్టి వెతకవచ్చు, కొనేముందు చాలా పాటలు పూర్తిగా వినవచ్చు. డిజిటల్ ఆల్బమ్ మీద సైటు వాటా మామూలుగా 15 శాతం. 2020లో మొదలైన 'బ్యాండ్‌క్యాంప్ ఫ్రైడే' రోజుల్లో ఆ వాటా కూడా తీసుకోరు, కొనడానికి మంచి రోజు అదే. నా కార్డు రెండుసార్లు ఫెయిల్ అయి చాలా టెన్షన్ పడ్డాను. బ్యాంకు యాప్‌లో అంతర్జాతీయ లావాదేవీలు ఆపేసి ఉన్నాయి, ఆన్ చేయగానే పని జరిగింది. కొన్నాక మళ్లీ ఆఫ్ చేయండి.

కొనేటప్పుడు బ్యాండ్‌కు రెండు ముక్కలు రాసే చోటు ఉంటుంది. దాన్ని ఖాళీగా వదలకండి. ఏ పాట నచ్చిందో, ఏ ఊరి నుంచి వింటున్నారో రాయండి. నేను 7 డాలర్ల ఆల్బమ్ కొని "పర్లాకిమిడి, ఒడిశా" అని రాస్తే, ఆ ఊరు ఎక్కడుందో చూపించమని డ్రమ్స్ వాయించే అమ్మాయి తిరిగి రాసింది. సాయంత్రం కొట్టు మూసి వెళ్లి మహేంద్రతనయ నది ఫోటో తీసి పంపాను.