కదలిక పరీక్షకు ముందు జాగ్రత్తలు
సెరిబ్రల్ పాల్సీ (చిన్నప్పుడే మెదడు దెబ్బతిని కదలిక సరిగా కుదరని స్థితి) ఉన్న పిల్లల కదలిక చూసే ముందు, మా శ్రీకాకుళంలో నేను సరిచూసుకునేవి:

- పాలకొండ నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చిన గుంటడు ఆకలికీ నిద్రకీ చిరాకుగా, బిగుసుకుపోయి ఉంటాడు. ముందు ఏదైనా తిననివ్వండి, అరగంట ఆగండి. లేదంటే మీరు కొలిచేది వాడి అలసటనే.
- మూర్ఛ మందు వేశారా? తుంటి నొప్పి ఉందా? ఈమధ్య కండరాల బిగువు తగ్గించే బోటాక్స్ ఇంజెక్షన్ ఇచ్చారా?
- బూట్లు, స్ప్లింట్లు (కాళ్లకు ఆధారంగా కట్టే పట్టీలు) విప్పించండి. నిక్కరు మోకాళ్ల పైకి. గచ్చు చల్లగా ఉంటే చాప పరవండి.
- జీఎంఎఫ్‌ఎంలో (కూర్చోవడం, లేవడం, నడవడం లాంటి కదలికలకు మార్కులు వేసే పరీక్ష) ఒక్కో అంశానికి 3 ప్రయత్నాలే. “లెగు నాన్నా” అంటూ వాళ్లమ్మ చెయ్యందిస్తుంది, పాపం. వద్దని ముందే చెప్పండి.
- వీడియోకి అనుమతి, రాతలో.
- లేచాడా లేదా అన్నది ఒక లెక్క. బరువు ఏ కాలి మీద మోపాడు, నడుం ఎటు వాలింది అన్నది వేరే కాగితం మీద రాయండి.