కాల్పుల వార్తలో ఆయుధం పేరు, క్రియ తప్పు లేకుండా రాయడం ఎలా?

హెడ్డింగ్‌లో రివాల్వర్, ఇంట్రోలో పిస్టల్, మూడో పేరాలో గన్, చివర్లో మళ్లీ రివాల్వర్. కాల్చినవాడు ఒక్కడే, ఆయుధమూ ఒక్కటే. ఇంగ్లిష్ వార్తా ఏజెన్సీల కాపీల్లో (వార్తా కథనాల్లో) ఒకే మాట పదేపదే రాకూడదని పేర్లు మారుస్తుంటారు. నిఘంటువులో ఆ మాటలన్నీ పక్కపక్కనే కనిపిస్తాయి కాబట్టి ఒకదాని బదులు ఇంకొకటి వేయొచ్చని మన పత్రికల డెస్కుల్లోనూ అనుకుంటారు. వేయకూడదు. ఆయుధం పేరు కేసులో సాక్ష్యం. మొదట పిస్టల్ అని రాస్తే ఆఖరి వాక్యం దాకా పిస్టలే. మాట పదిసార్లు వచ్చినా ఫర్వాలేదు.

దగ్గర ఏమేం ఉండాలంటే: ఎఫ్ఐఆర్, పంచనామా, స్వాధీనం చేసుకున్న వస్తువుల ఫొటో. అవి దొరక్కపోతే పోలీసుల ప్రకటన. అదీ లేకపోతే 'తుపాకీ' అని రాసి ఊరుకోండి. పిస్టల్ నుంచి రైఫిల్ దాకా అన్నిటికీ ఆ మాట సరిపోతుంది. హెడ్డింగ్‌లో అయితే వివరం తెలిసినా తుపాకీ అనే రాయాలి. 'గన్' వద్దు. 'ఆగ్నేయాస్త్రం' అసలే వద్దు, అది పురాణాల్లో ఉండాల్సిన మాట.

రకం తేల్చండి

రివాల్వర్‌లో తూటాలు గుండ్రంగా తిరిగే సిలిండర్‌లో ఉంటాయి, మామూలుగా ఆరు. పిస్టల్‌లో పిడి లోపల దూర్చే మ్యాగజైన్‌లో ఉంటాయి. కాబట్టి 'రివాల్వర్, రెండు మ్యాగజైన్లు స్వాధీనం' అని కాపీ వస్తే ఎక్కడో తప్పు దొర్లినట్టే, రిపోర్టర్‌కి ఫోన్ చేయాలి. తపంచా నాటు పిస్టల్. మామూలుగా ఒక్కో తూటానే పడుతుంది, కాల్చాక మళ్లీ చేత్తో నింపాలి. 'తపంచాతో విచ్చలవిడిగా కాల్పులు' అన్న వాక్యాన్ని అందుకే నమ్మకూడదు. పోలీసు కాగితాల్లో కనిపించే ఎస్‌బీబీఎల్, డీబీబీఎల్ అంటే ఒక గొట్టం, రెండు గొట్టాల షాట్‌గన్‌లు. వాటిని రైఫిల్ అనకండి. భర్మార్ అంటే గొట్టం మూతి నుంచి మందు, గుండు కూరి కాల్చే నాటు తుపాకీ. గిరిజన ఏజెన్సీ ప్రాంతాల వార్తల్లో తరచూ వస్తుంది.

ఎస్ఎల్ఆర్, ఇన్సాస్, ఏకే-47 మూడూ వేర్వేరు రైఫిళ్లు. పొడవాటి తుపాకీ కనిపించగానే ఏకే-47 అనేయడం అన్నిటికన్నా పాత జబ్బు. ఎస్ఎల్ఆర్ తనంతట తాను తూటా ఎక్కించుకుంటుంది కానీ ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ ఒక్కటే పేలుస్తుంది. దాన్ని మెషిన్ గన్ అనకూడదు.

అంకెలు

.303 రైఫిల్ అన్నప్పుడు చుక్క పోగొట్టకండి. అది గొట్టం లోపలి వెడల్పు, అంగుళంలో భాగం, దాదాపు 7.7 మిల్లీమీటర్లు. షాట్‌గన్‌కి రాసే '12 బోర్'ని '12 ఎంఎం' చేయకండి. ఆ గొట్టంలో సరిగ్గా పట్టే సీసపు గుండ్లు 12 కలిస్తే ఒక పౌండు బరువు తూగుతాయి, 12 అంటే అదీ లెక్క. గొట్టం వెడల్పు దాదాపు 18.5 మిల్లీమీటర్లు. 7.62 ఎంఎం అని మాత్రమే రాస్తే ఏమీ చెప్పినట్టు కాదు. ఏకే-47ది 7.62, ఎస్ఎల్ఆర్‌దీ 7.62, కానీ ఒకదాని తూటా ఇంకోదాంట్లో పట్టదు. అంకె పక్కన ఆయుధం పేరు ఉండాల్సిందే.

తూటా, బుల్లెట్, తొడుగు

తూటా అంటే మొత్తం: తొడుగు, లోపలి మందు, అడుగున దెబ్బ తగలగానే మందు అంటించే ప్రైమర్, కొసన బుల్లెట్. బుల్లెట్ అంటే ఎగిరి వెళ్లే ముక్క ఒక్కటే. కాల్చాక మిగిలేది ఖాళీ తొడుగు. శరీరంలోంచి డాక్టర్లు తీసేది బుల్లెట్, నేల మీద దొరికేది తొడుగు, జేబులో దొరికేది తూటా. ఈ మూడింటికీ 'బుల్లెట్లు' అనే రాస్తే ఎన్నిసార్లు కాల్చారో, ఎన్ని మిగిలాయో పాఠకుడికి అంతుపట్టదు. తొడుగుని 'షెల్' అని కూడా రాయకండి. సరిహద్దు వార్తల్లో షెల్ అంటే ఫిరంగి గుండు. ఇంకో సంగతి గుర్తుంచుకోండి: మ్యాగజైన్ ఉన్న పిస్టల్ కాల్చిన ప్రతిసారీ తొడుగుని బయటికి విసురుతుంది, రివాల్వర్ విసరదు. రివాల్వర్‌తో రెండుసార్లు కాల్చి పారిపోయాడంటూనే, అక్కడ రెండు ఖాళీ తొడుగులు దొరికాయంటే రెండింట్లో ఒకటి తప్పు.

'మూడు రౌండ్లు కాల్పులు' అని కూడా రాయొద్దు. ఇంగ్లిష్‌లో అక్కడ రౌండ్ అంటే ఒక తూటా. మన పాఠకుడికి మూడు విడతలుగా కాల్పులు జరిగాయని అర్థమవుతుంది. 'మూడుసార్లు కాల్చాడు' అంటే అయిపోయింది.

ఇక క్రియ: ఇక్కడే నెమ్మదించాలి

పై తప్పులకు సవరణ వేసి సరిదిద్దుకోవచ్చు. క్రియ తప్పితే చేయనివాడు చేసినట్టవుతుంది, చచ్చిపోయినవాడి మీద నేరం పడుతుంది. కాపీలో ప్రతి క్రియ దగ్గరా ఆగి, ఇది ఎవరు చూశారు, ఎవరు చెప్పారు అని అడగండి.

మొదట 'మిస్‌ఫైర్'. 'తుపాకీ మిస్‌ఫైర్, కానిస్టేబుల్ మృతి' అన్న హెడ్డింగ్ తెలుగు పత్రికల్లో, ఛానళ్లలో ఎన్నిసార్లు వచ్చిందో లెక్కలేదు. మిస్‌ఫైర్ అంటే ట్రిగ్గర్ నొక్కినా తూటా పేలకపోవడం. ప్రైమర్ చెడినా, దాన్ని కొట్టే ఫైరింగ్ పిన్ దెబ్బ చాలకపోయినా అలా జరుగుతుంది. అంటే మిస్‌ఫైర్ అయితే ఆ కానిస్టేబుల్ బతికే ఉండేవాడు. మనం చెప్పదలచుకున్నది దానికి పూర్తిగా తలకిందులు.

సరే, 'తుపాకీ పేలి' అని రాద్దామా అంటే అందులోనూ చిక్కుంది. నాటు తుపాకుల్లో గొట్టమే పగిలి మనుషులు చనిపోతుంటారు, దాన్నీ 'పేలి' అనే అంటాం. గొట్టం పగిలితే 'గొట్టం పగిలి' అనే రాయండి. తూటా వెలువడితే 'తుపాకీలోంచి తూటా దూసుకొచ్చి' అని రాయండి. ముందు 'ప్రమాదవశాత్తు' చేర్చే తొందర వద్దు. తుపాకీ శుభ్రం చేస్తుండగా జరిగిందని మొదటి గంటలో చెప్పింది సాయంత్రానికి ఆత్మహత్య అని తేలొచ్చు, హత్యా కావొచ్చు. ప్రమాదం అన్నది ఎవరి మాటో వారి పేరు మీదే రాయాలి.

రెండోది కాల్చడం, కాల్పులు జరపడం. 'రాముపై కాల్పులు జరిపాడు' అంటే తగలకపోయి ఉండొచ్చు. 'రామును కాల్చాడు' అంటే తగిలినట్టు. 'గురిపెట్టాడు' అంటే ఇంకా కాల్చలేదు. ఇంగ్లిష్ కాపీలో 'ఎట్' అనే చిన్న విభక్తి లాంటి మాటతో తేలిపోయే ఈ తేడా అనువాదంలో ఊరికే జారిపోతుంది. 'కాల్చి చంపారు' అని వదిలేస్తే నిప్పుతోనా తుపాకీతోనా అన్న అనుమానమూ మిగులుతుంది. 'తుపాకీతో కాల్చి' అని పూర్తిగా రాయండి.

మూడోది 'ఎదురుకాల్పులు'. ఇందులో ఒక ఆరోపణ దాగి ఉంది: అవతలివాళ్లూ కాల్చారని. మన చేతుల్లో ఉన్నది పోలీసు ప్రకటన ఒక్కటే అయినప్పుడు దాన్ని మన గొంతుతో చెప్పకూడదు. 2019 డిసెంబరు 6న షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో దిశ కేసు నిందితులు నలుగురు చనిపోయారు. తమ ఆయుధాలు లాక్కుని నిందితులే ముందు కాల్పులు జరిపారని పోలీసులు చెప్పారు. సుప్రీంకోర్టు నియమించిన సిర్పూర్కర్ కమిషన్ ఆ మాట నమ్మలేదు. చంపే ఉద్దేశంతోనే కాల్చారని చెప్పిన ఆ నివేదిక 2022లో బయటికొచ్చింది. ఆరోజే 'ఎదురుకాల్పుల్లో నలుగురు మృతి' అని సొంత వాక్యంగా రాసి ఉంటే ఆ మాటను తర్వాత వెనక్కి తీసుకునే దారి లేదు. 'పోలీసు కాల్పుల్లో మృతి; ఎదురుకాల్పులు జరిగాయంటున్న పోలీసులు' అని రాస్తే జరిగిందీ ఉంటుంది, చెప్పినవాళ్లెవరో తెలుస్తుంది. హెడ్డింగ్ ఒక లైను పెరిగినా సరే.

'తూటాల వర్షం', 'నేలకొరిగాడు' కొట్టేయండి. 'పాయింట్ బ్లాంక్' బదులు 'అతి దగ్గర నుంచి' అనండి, అదీ పోస్టుమార్టం నివేదికలోనో ప్రత్యక్ష సాక్షి మాటలోనో ఉంటేనే.

చివరిగా ఫొటో. పాత ఫొటోల్లోంచి తీసి వేసే తుపాకీ బొమ్మ అసలు ఆయుధం రకమే అయ్యుండాలి, లేకపోతే వద్దు. సిలిండర్ కనిపిస్తోందంటే రివాల్వర్. కింద వ్యాఖ్యలో పిస్టల్ అని ఉంటే పేజీ వెళ్లకముందే ఆపండి. స్వాధీనం చేసుకున్నవి బల్ల మీద పరిచిన ఫొటో అయితే ఒక్కొక్కటీ లెక్కపెట్టి, కాపీలో ఉన్న సంఖ్యతో సరిచూడండి.