సర్కారు తుమ్మ కొట్టినా మళ్ళీ ఎందుకొస్తోంది? సమస్యలు, పరిష్కారాలు

బీడు పడిన చేనును సాగులోకి తెచ్చేవాళ్ళను ఎక్కువగా విసిగించేది సర్కారు తుమ్మ. కొన్నిచోట్ల ఇంగ్లీషు తుమ్మ అంటారు, ఊరికే కంపచెట్టు అనేవాళ్ళూ ఉన్నారు. గొడ్డలి పట్టేముందు పువ్వు, కాయ చూడండి. పువ్వు గుండ్రంగా పసుపుపచ్చగా ఉండి, కాయ గింజకూ గింజకూ మధ్య నొక్కుకుపోయి ఉంటే అది నల్లతుమ్మ. దాన్ని ఉంచుకోండి, మంచి కలప. సర్కారు తుమ్మ పువ్వు పొడవాటి కంకి, కాయ పండితే లేత పసుపు రంగు. మధ్యలో వేప, చింత లాంటివి ఉంటే వాల్టా చట్టం (నీరు, భూమి, చెట్ల రక్షణ చట్టం, 2002) కింద అనుమతి సంగతి ముందే కనుక్కోండి.

నరికిన నెలకే మోడు చుట్టూ గుంపుగా పిలకలు

కారణం: నేల మట్టానికి నరికారు. పిలకలు వేసే మొగ్గలు కాండం వేరుతో కలిసేచోట, మట్టి కింద జానెడు లోతు దాకా ఉంటాయి. పైన కొట్టినకొద్దీ ఒక కాండం ఉన్నచోట పది లేస్తాయి. మోడు మీద కంప పోసి తగలబెట్టినా ఆ వేడి అంత లోతుకు సరిగా దిగదు. పాత ఇంజిన్ ఆయిలు, ఉప్పు పోయడం నేలను పాడుచేసుకోవడమే.

పరిష్కారం: మొదలు తీయాలి. వానపడ్డ రెండు మూడు రోజులకు నేల మెత్తగా ఉన్నప్పుడు మొదలుపెట్టండి. ఎండాకాలంలో నల్లరేగడిలో గడ్డపార దిగదు.

1. ముందు కొమ్మలు కొట్టి పక్కకు లాగండి. కాండాన్ని నడుము ఎత్తులో వదలండి, తర్వాత పట్టుకుని ఊపడానికి పనికొస్తుంది.
2. మోడు చుట్టూ అడుగు వెడల్పు, అడుగు లోతు మట్టి తీయండి.
3. పక్కవేర్లను గొడ్డలితో తెంచండి. కాండాన్ని అటూ ఇటూ ఊపి, తల్లివేరును అడుగు లోతున నరికి మొత్తం పైకి తీయండి.
4. గుంటను వెంటనే పూడ్చకుండా నెల వదిలేయండి. మొగ్గ మిగిలితే అక్కడే పచ్చగా కనిపిస్తుంది.

అడుగు కింద మిగిలిన వేరు గురించి దిగులు అక్కర్లేదు, అక్కడినుంచి సాధారణంగా పిలక రాదు.

కట్టెకోసం, బొగ్గుకోసం చెట్లు కొనేవాళ్ళకు పైన కలప చాలు, మోళ్ళు మీకు మిగులుతాయి. బేరం కుదిరేటప్పుడే మోళ్ళతో సహా తీయాలని చెప్పి, కొంత డబ్బు ఆ పని పూర్తయ్యేదాకా ఆపండి.

చెరువు కట్ట మీద, పొలం గట్టు మీద మాత్రం తవ్వకండి, గండి పడుతుంది. అక్కడ నేల మట్టానికి కోసి, మూడు నాలుగు వారాలకోసారి పిలకలు మోకాలి ఎత్తు దాటకముందే విరిచేయండి. వేరులో నిల్వ ఉన్న బలం తరిగేదాకా, అంటే రెండేళ్ళయినా, వదలకూడదు. మధ్యలో ఒక్క వానాకాలం మానేస్తే మళ్ళీ మొదటికొస్తుంది. మందు పూయాలనుకుంటే వ్యవసాయాధికారిని అడిగి చేయండి. గ్లైఫోసేట్ అనే కలుపుమందు వాడకం మీద ఆంక్షలున్నాయి.

మోళ్ళన్నీ తీశారు, అయినా తొలకరికి చేనంతా మొలకలు

ఇవి గింజ మొలకలు. గింజ పెంకు గట్టిది, మట్టిలో ఏళ్ళతరబడి బతికి ఉంటుంది. మేకలు, పశువులు తీపి కాయలు తిని పేడలో గింజను చేనంతా వేస్తాయి. కడుపులోంచి వచ్చిన గింజ ఇంకా తేలిగ్గా మొలుస్తుంది.

మొలక జానెడు లోపున్నప్పుడే తడి నేలలో చేత్తో వేరుతో సహా పీకేయండి. ఆ ఏడు దాటితే గడ్డపార కావాల్సిందే. చెట్లను కాయ పండకముందే కొట్టండి. కాయలు తిన్న మందను శుభ్రం చేసిన చేలో కట్టవద్దు. రాలిన కాయలను ఏరి, గింజ నలిగేలా మరపట్టిస్తే దాణాలో కలపవచ్చు.

జేసీబీతో చదును చేశాక పంట పసుపుబారి ఎదగడం లేదు

డ్రైవరు బకెట్‌తో కంపను తోసుకుంటూ పోతే పైమట్టి కూడా గట్టుకు చేరుతుంది. మీకు మిగిలేది సారంలేని అడుగుమట్టి. తోయనివ్వకండి. బకెట్ పళ్ళను మోడు కిందికి దింపి, ఒక్కొక్కటి పెకిలించి, మట్టి దులిపి పక్కన పెట్టించండి. గంటలు పెరుగుతాయి, అయినా అదే లాభం. ఇప్పటికే తోసేసి ఉంటే గట్టున కుప్పపడ్డ మట్టిని కంప ఏరేసి తిరిగి పరిపించండి. పశువుల ఎరువు తోలి, మొదటి ఏడు జనుము గానీ జీలుగ గానీ వేసి పూతకు ముందు దున్నేయండి.

ట్రాక్టరు టైర్లు పంచర్లు, కాళ్ళకు ముళ్ళు

కంపను ఎండాక లాగితే రెమ్మలు విరిగి ముళ్ళు మట్టిలో కలుస్తాయి. పచ్చిగా ఉండగానే లాగేయండి, దున్నేముందు దంతెతో రెండుసార్లు ఏరించండి. మందపాటి అడుగున్న బూట్లు వేసుకోండి, కంప కింద పాములు కూడా ఉంటాయి. ముల్లు కీలు దగ్గర విరిగి, వాపు తగ్గకపోతే ఇంట్లో సూదితో కెలకకుండా డాక్టరు దగ్గరికి వెళ్ళండి. ధనుర్వాతం ఇంజెక్షన్ కూడా వేయించుకోండి.

రంపం పొట్టుకు బదులు పిండి రాలుస్తోంది

పళ్ళు మొద్దుబారాయి. మట్టి అంటిన మొదలును చైన్‌సాతో కోస్తే నిమిషాల్లో ఇలా అవుతుంది. రంపాన్ని నేలకు జానెడు పైనే ఆపండి, కింద పని గొడ్డలిది, గడ్డపారది. వంగి బిగుసుకున్న కొమ్మను వంపు లోపలివైపునుంచి కొద్దికొద్దిగా కోయండి, ఒక్కసారిగా తెగితే మొహం మీదికి లేస్తుంది.