పాత కారులో స్పార్క్ రావడం లేదా? ఇలా వెతకండి

సెల్ఫ్ బాగానే తిరుగుతోంది, పెట్రోలు ఉంది, అయినా బండి స్టార్ట్ కావడం లేదు. పాయింట్లు (కరెంటును కలుపుతూ తెంచుతూ ఉండే చిన్న స్విచ్), కండెన్సర్ (ఆ పాయింట్లు కాలిపోకుండా కాపాడే భాగం) ఉన్న పాత కార్లలో ఇలా అయితే చాలామంది ముందుగా ప్లగ్గులు మార్చేస్తారు. తొందర వద్దు. బ్యాటరీ నుంచి ప్లగ్ దాకా కరెంటు నడిచే దారి వెంటే వెళ్తే లోపం దానంతటదే బయటపడుతుంది.

ముందు బ్యాటరీ చూడండి. బండి ఆపి ఉన్నప్పుడు 12.6 వోల్టులు ఉండాలి. సెల్ఫ్ కొడుతుంటే 9.6 కన్నా తగ్గితే బ్యాటరీ, టెర్మినళ్లు, ఎర్త్ వైరు (బ్యాటరీని బండి బాడీకి కలిపేది) సరిచేశాకే మిగతావి.

తర్వాత కాయిల్ (బ్యాటరీ వోల్టేజిని వేల వోల్టులకు పెంచేది) నుంచి వచ్చే లావు వైరును డిస్ట్రిబ్యూటర్ (ఆ కరెంటును ప్లగ్గులకు పంచేది) క్యాప్ మధ్యలోంచి ఊడదీయండి. ఇన్సులేషన్ ఉన్న ప్లయర్‌తో పట్టుకుని, కొనను ఇంజిన్ బ్లాకుకు 6 మి.మీ. దూరంలో ఉంచి సెల్ఫ్ కొట్టించండి. ఇందులో వేల వోల్టులుంటాయి, చెయ్యి తగలకూడదు. పెట్రోలు వాసన వస్తుంటే ఈ పరీక్ష అసలే చేయొద్దు. టప్ టప్‌మని నీలి రవ్వ దూకితే కాయిల్ దాకా అంతా బాగున్నట్టే. ఇక క్యాప్, రోటర్ (క్యాప్ లోపల తిరుగుతూ ఒక్కో ప్లగ్ వైరుకు కరెంటు అందించే ముక్క), వైర్లు, ప్లగ్గులు చూడాలి. క్యాప్ లోపల టెర్మినళ్ల మధ్య పెన్సిల్‌తో గీసినట్టు సన్నని నల్లగీత కనిపిస్తే కరెంటు అటుగా దారి తప్పుతోందన్నమాట. తుడిస్తే పోదు, క్యాప్ మార్చాల్సిందే.

రవ్వ రాలేదా? కాయిల్‌కు డిస్ట్రిబ్యూటర్ వైపున్న సన్న వైరు టెర్మినల్‌కీ ఎర్త్‌కీ మధ్య టెస్ట్ ల్యాంప్ పెట్టి సెల్ఫ్ కొట్టండి. మిణుకు మిణుకుమంటే పాయింట్లు పనిచేస్తున్నాయి, అప్పుడు అనుమానం కాయిల్ మీద, కండెన్సర్ మీద. వెలిగే ఉంటే పాయింట్లు కలవడం లేదు, లేదా వాటి వైరు తెగింది. అసలు వెలగకపోతే కాయిల్‌కు కరెంటు రావడం లేదు, లేదా పాయింట్ల వైపు ఎక్కడో ఎర్త్ అవుతోంది.

పాయింట్ల గ్యాప్‌ను, వాటిని తెరిచే క్యామ్ ఎత్తు మీద అవి పూర్తిగా తెరుచుకుని ఉన్నప్పుడే ఫీలర్ గేజ్‌తో (మందం రాసి ఉన్న పలుచని రేకులతో) కొలవాలి. చాలా బండ్లకు 0.4 మి.మీ. దగ్గర ఉంటుంది, మీ మాన్యువల్ చెప్పిందే ఖాయం. గ్యాప్ పెరిగితే టైమింగ్ (ప్లగ్‌లో రవ్వ పుట్టే సమయం) ముందుకు జరుగుతుంది, తగ్గితే వెనక్కి. అందుకే గ్యాప్ పెట్టాక టైమింగ్ చూడకుండా వదలొద్దు. పాయింట్లు నల్లగా కాలి, ఒకవైపు గుంట, మరోవైపు గుబ్బ తేలితే కండెన్సర్ కూడా మార్చండి. లేదంటే కొత్తవీ అలాగే కాలిపోతాయి.

బండి అందుకుని, కీ వదలగానే ఆగిపోతోందా? బ్యాలస్ట్ రెసిస్టర్ (కాయిల్‌కు వెళ్లే కరెంటును తగ్గించేది) ఉన్న బండైతే మొదట దాన్నే చూడండి. సెల్ఫ్ కొట్టేటప్పుడు కరెంటు దాన్ని తప్పించుకుని వెళ్తుంది, కీ వదిలాక దాని గుండానే రావాలి.

చల్లగా ఉన్నప్పుడు బాగా నడిచి, వేడెక్కాక ఆగిపోయే బండిలో కాయిల్‌ను చల్లారాక కొలిస్తే లోపం దొరకదు. ఆగిన వెంటనే, వేడి మీదే రవ్వ పరీక్ష చేయండి.