ఎండాకాలంలో మొక్కలు సర్దేటప్పుడు ఖాళీ కుండీలు బోర్లించెయ్యకండి

మే నెలలో మిద్దె మీదకెళ్తే ఎవరికైనా ప్రాణం ఉసూరుమంటుంది, సగం మొక్కలు ఎండిపోయి సగం వాడిపోయి ఉంటాయి, ఇక ఓ ఆదివారం పొద్దున్నే కూర్చుని అన్నీ పీకేసి కుండీల్లో మట్టంతా ఒక మూల పోసేస్తాం. దయచేసి ఆ పని చెయ్యొద్దు. పైన ఏమీ లేని కుండీలో అడుగున లిల్లీ గడ్డ బతికే ఉండొచ్చు.

ముందు వేళ్ళతోనే మట్టి మెల్లగా కదిపి చూడండి, తాపీలు గీపీలు వద్దు. ఉల్లిపాయలాంటిది తగిలి నొక్కితే గట్టిగా ఉందంటే అలాగే కప్పెయ్యండి, మెత్తబడి కుళ్ళు వాసన వస్తేనే తీసి పారెయ్యండి. చిన్న గడ్డలు గుంపుగా ఉంటే చాలావరకు వాన పడ్డాక పూసే రెయిన్ లిల్లీ, పెద్దగా ఉంటే ఫుట్‌బాల్ లిల్లీ అయ్యుండొచ్చు, దాన్నే మే ఫ్లవర్ అని కూడా అంటారు.

ఈ మే ఫ్లవర్ ఏడాదికి ఒక్కసారే పూస్తుంది, ఏప్రిల్ చివర్లోనో మేలోనో, ఆకు కూడా సరిగ్గా రాకముందే మచ్చలున్న లావుపాటి కాడ మట్టిలోంచి పొడుచుకొచ్చి పైన గుండ్రటి ఎర్ర పువ్వు విచ్చుకుంటుంది. దగ్గరకెళ్ళి చూడండి, అది ఒక పువ్వు కానే కాదు, వందా రెండొందల దాకా బుల్లి పూలు, ఒక్కోదానికి సన్నటి ఆరు రేకులు, ఆరు కేసరాలు, వాటి చివర పసుపు పుప్పొడి! అటూ ఇటుగా వారం ఉంటుంది, ఆ వారం మాత్రం మిట్టమధ్యాహ్నం ఎండ తగలకుండా నీడకి జరపండి. పూలు వాడాక కాడ కోసినా పర్లేదు గానీ ఆకుల జోలికి వెళ్ళొద్దు, వచ్చే ఏడాది పువ్వుకి గడ్డ బలం పుంజుకునేది ఆ ఆకులతోనే. చలికాలంలో ఆకులు ఎండిపోతాయి కదా, అప్పుడే కుండీ మీద మార్కర్‌తో పేరు రాసిపెట్టుకోండి.

మిగతా సర్దుడంతా మామూలే. రాలిన ఎండుటాకులు ఊడ్చి పారెయ్యకుండా కుండీల్లోనే పరిచెయ్యండి తేమ నిలుస్తుంది, కుండీలన్నీ దగ్గరగా జరిపి కింద ఇటుకలు పెట్టండి స్లాబ్ వేడి వేళ్ళకి తగలదు, నీళ్ళు పొద్దున్నే పొయ్యండి. మందారకి పిండినల్లి (తెల్లటి పిండిలా అంటుకునే పురుగు) ఉంటే సాయంత్రం పూట లీటరు నీళ్ళలో 5 ఎం.ఎల్. వేపనూనె, కాస్త సబ్బునీళ్ళు కలిపి కొట్టండి. రోహిణి కార్తెలో కుండీ మార్చడం, ఎరువులు వెయ్యడం మాత్రం వద్దే వద్దు, మృగశిర వచ్చి నాలుగు చినుకులు పడ్డాక చూసుకోవచ్చు.

ఒక జాగ్రత్త, ఈ లిల్లీ గడ్డలు తింటే విషం, పసిపిల్లలూ కుక్కలూ ఉన్న ఇంట్లో అందకుండా పెట్టండి. రెయిన్ లిల్లీ అనుకున్న కుండీ ఉంటే తొలి వాన పడ్డాక ఓ వారం ఆగి చూడండి, మొగ్గ రాకపోయినా పచ్చటి మొన కనిపించిందంటే ఇంకో వానదాకా ఉంచండి.