ఏఎండీ ఉన్న అమ్మానాన్నలు అమెరికా వెళ్లే ముందు

ఆరు నెలలకని టికెట్టు తీసేసి, ఆ తర్వాత కంటి డాక్టర్ దగ్గరికి వెళ్లడం చాలా ఇళ్లలో జరిగేదే. వయసుతో వచ్చే మాక్యులా (కంటి వెనక రెటీనా పొర మధ్యభాగం) జబ్బు, అంటే ఏఎండీ, తడి రకానికి మారినవాళ్లు ముందు ఇంజెక్షన్ల లెక్క చూసుకోవాలి, తర్వాతే టికెట్టు.

తడి రకంలో రెటీనా కింద కొత్తగా పుట్టిన బలహీనమైన రక్తనాళాలు కారుతుంటాయి. బెవాసిజుమాబ్, రాణిబిజుమాబ్, అఫ్లిబర్సెప్ట్ లాంటి మందులను కంట్లోకి ఇంజెక్షన్‌గా ఇస్తారు; అవి ఆ కారడాన్ని కొన్ని వారాలే ఆపుతాయి. సాధారణంగా మొదట నెలకొకటి చొప్పున మూడు వేస్తారు. ఆపైన రెటీనా పొరలను చూపే ఓసీటీ స్కాన్‌లో నీరు కనిపించకపోతే ఇంజెక్షన్ల మధ్య ఎడం మెల్లగా పెంచుతారు. 8 వారాలకే మళ్లీ నీరు చేరే కంటిని ప్రయాణం కోసం 16 వారాలు ఆపలేం. ఆ మధ్యలో పోయిన చూపు, తిరిగొచ్చాక ఎన్ని సూదులు వేసినా పూర్తిగా రాకపోవచ్చు. అందుకే ఎడం తక్కువైతే ప్రయాణం కుదించుకోండి, లేదా అక్కడి రెటీనా డాక్టర్ అపాయింట్‌మెంట్ బయల్దేరకముందే ఖాయం చేసుకోండి. విజిటర్ ఇన్సూరెన్స్ చాలావరకు పాత జబ్బులకు వర్తించదు. ఖర్చు అడిగేటప్పుడు మందు ధరతో సరిపెట్టుకోకుండా స్కాన్, డాక్టర్, ఇంజెక్షన్ ఫీజులన్నీ కలిపి అడగండి.

చివరి ఇంజెక్షన్‌కీ విమానానికీ మధ్య ఓ వారం ఉంటే మేలు. కంటి లోపల ఇన్ఫెక్షన్ వస్తే ఎక్కువగా మొదటి వారంలోనే బయటపడుతుంది. తెల్లగుడ్డు మీద ఎర్రటి మరక, ఒకటి రెండు రోజులు తేలే చుక్కలు మామూలే. నొప్పి పెరుగుతూ, ఎరుపుతో పాటు చూపు తగ్గుతుంటే మాత్రం అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. ఆపరేషన్‌లో కంట్లో గ్యాస్ బుడగ పెట్టి ఉంటే, అది పూర్తిగా పోయిందని డాక్టర్ చెప్పేదాకా విమానం ఎక్కకూడదు. పైన గ్యాస్ ఉబ్బి కంటి ప్రెషర్ పెరిగితే చూపే పోవచ్చు.

డిశ్చార్జి కాగితం ఒక్కటే అక్కడి డాక్టర్‌కు చాలదు. ఏ కన్ను, ఏ మందు, ఏ తేదీన, ఎన్ని వారాల ఎడం అన్న పట్టిక, ఓసీటీ బొమ్మలు ఫోన్‌లోనూ పెన్‌డ్రైవ్‌లోనూ ఉండాలి. మందుకు బ్రాండు పేరు కాదు, అసలు పేరు రాయించుకోండి.

పొడి రకం (రక్తనాళాలు ఇంకా కారనిది) వాళ్లకు పెట్టెలో పెట్టుకోవాల్సిన ముఖ్యమైన వస్తువు, చూపులో మార్పును ఇంట్లోనే పట్టుకునే ఆమ్స్‌లర్ గడుల కాగితం. దగ్గరచూపు అద్దాలు పెట్టుకుని, సుమారు 30 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుని, ఒక కన్ను అరచేత్తో మూసి, మధ్య చుక్కనే చూడాలి. తర్వాత రెండో కన్ను. రెండూ తెరిచి చూస్తే మంచి కన్ను చెడ్డదాని లోపాన్ని కప్పేస్తుంది, అక్కడే చాలామంది మోసపోతారు. గీతలు కొత్తగా వంగినా, గడులు మాయమైనా అద్దాల షాపుకో, శుక్లం ముదిరిందనో ఆగకుండా ఆ వారంలోనే రెటీనా డాక్టర్‌కు చూపించాలి.

ఏఆర్‌ఈడీఎస్2 అనే విటమిన్, ఖనిజ మాత్రలు మధ్యస్థ దశకు చేరినవాళ్లకే పనికొస్తాయి; జబ్బు తొలి దశలో వాటితో లాభం తేలలేదు. అక్కడి షాపులో కొంటే సీసా మీద లూటీన్ 10 మి.గ్రా., జియాజాంథిన్ 2 మి.గ్రా. ఉన్నాయేమో, రోజుకు ఎన్ని మాత్రలకు ఆ లెక్కో చూడండి. బీటా కెరోటిన్ ఉన్నది, చుట్టగానీ సిగరెట్‌గానీ తాగేవాళ్లూ మానేసినవాళ్లూ ముట్టకూడదు. ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు పెరుగుతుంది. పొగ ఇంకా మానకపోతే ఏ మాత్రకన్నా అది ముందు మానాలి.

కొత్త ఇంట్లో కార్పెట్ మెట్లన్నీ ఒకే రంగులో ఉంటాయి; అంచులకు ముదురు రంగు టేప్ వేయించండి. పొయ్యి టచ్ ప్యానెల్ మీద ఉబ్బెత్తు స్టిక్కర్లు అంటిస్తే వేలికి తెలుస్తాయి. తెల్లన్నం ముదురు కంచంలో వడ్డించండి. మంచు కురిసే ఊళ్లలో టోపీ, నల్లద్దాలు తప్పనిసరి.

చూపు బాగా తగ్గినవాళ్లకు ఒంటరిగా ఉన్నప్పుడు లేని మనుషులో, పూలో, గడులో కనపడవచ్చు. దీన్ని చార్లెస్ బోనే సిండ్రోమ్ అంటారు. అవి నిజం కావని వాళ్లకే తెలుస్తుంటుంది, కానీ పిచ్చి అనో దయ్యం అనో అంటారని చెప్పరు. కోడళ్లూ అల్లుళ్లూ ముందే అడగాలి. లైటు వేసి, చూపు పక్కకు తిప్పి, రెప్పలు కొడితే చాలాసార్లు పోతాయి. కొత్తగా మతిమరుపు, తికమక కూడా తోడైతే వేరే డాక్టర్‌కు చూపించాలి.